ఆదోని నుంచి పెద్దకడుబూరుకి, ఒక సైకిలు మీద ఇద్దరం

హంపీ ఎలా ఉందని అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు చెబుతున్నాను: చూడలేదు. రేపల్లె నుంచి సైకిలు మీద బయలుదేరి, నల్లమల దాటి, రెండువందల యాభై మైళ్ళకు పైగా తొక్కి, హంపీ ఇంక రెండు రోజుల దూరంలో ఉండగా వెనక్కి తిరిగానంటే మా బోర్డు హైస్కూలు మేష్టర్లు నమ్మడం లేదు. సైకిలు విరిగిందా, జబ్బు చేసిందా, దొంగలు కొట్టారా అని గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. చక్రంలో నాలుగు పుల్లలు విరిగిన మాట నిజమే గాని, కారణం అది కాదు. ఆ కారణం రెండు మాటల్లో చెప్పేది కాదు కనక, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కర్నూలు దాటాక

కొత్త రాజధాని కదా అని కర్నూలులో ఒక పూట ఆగాను. గుడారాలు, ఫైళ్ళు మోసే బండ్లు, దుమ్ము. మర్నాడు కోడిజామునే కోడుమూరు దారి పట్టాను.

మా వైపు సైకిలు తొక్కడమంటే కాలవగట్టు మీద, చెట్ల నీడన. ఇక్కడ చూపు ఆనినంత మేరా నల్లరేగడి. పత్తి తీసేసిన చేలల్లో ఎండిన మోళ్ళు నిలబడి ఉన్నాయి. నేల నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లో నా చేయి మోచేతి దాకా దూరింది. ఎండ ఎంతటిదంటే, పొద్దున తొమ్మిదింటికే హ్యాండిలు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. తెల్లవారకముందు బయలుదేరడం, పది కొట్టేలోపల ఏ పంచనో చేరడం, మళ్ళీ నాలుగు తరవాత కదలడం. అదే నా దినచర్య అయింది.

దారిలో ఎవరు ఎదురైనా ముందు అడిగేది ఒకటే. సైకిలు వెనక కట్టిన దుప్పటి మూటను చూసి, "ఏం అమ్ముతావప్పా?" అని. ఏమీ అమ్మనంటే నమ్మరు. ఒకాయన మూట విప్పించి చూసి, రెండు చొక్కాలూ ఒక పంపూ కనబడేసరికి పాపం చాలా నొచ్చుకున్నాడు.

ఎమ్మిగనూరు

ఎమ్మిగనూరులో ఏ సందులోకి వెళ్ళినా మగ్గాల చప్పుడే. ఎండ ముదిరాక ఒక ఇంటి పంచన కూలబడ్డాను. లోపల గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్న మనిషి చెయ్యి ఆపకుండానే, "లోపలికి రా అన్నా, ఆడ ఎండ కొడతాంది" అన్నాడు. పేరు వీరభద్రప్ప. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, వంగిన వీపుతో ఉన్నాడు.

ఆయన కూడా అదే అడిగాడు. అమ్మను, కొనను అని చెప్పాను.

"మరి యాల తిరుగుతాండావు?"

"ఊళ్ళు చూద్దామని."

మగ్గం మీద నాడె ఇటు నుంచి అటు పోయింది. అటు నుంచి ఇటు వచ్చింది. అప్పుడు అన్నాడు: "సూసేదానికైనా ఒక పని ఉండాల గదన్నా. పని మీద పోయినోనికే ఊరు కనపడతాది. ఊరికే పోయినోనికి గోడలు కనపడతాయి, అంతే."

నవ్వేశాను. కాని ఆ మాట కొంచెం గుచ్చుకుంది. రేపల్లెలో బయలుదేరేటప్పుడు ఒంటరిగా ఇంత దూరం తొక్కబోతున్నానని నాలో నేను చాలా గర్వపడ్డాను. ఇక్కడ దాన్ని ఎవరూ గొప్పగా చూడలేదు. కూలికోసం ఇంతకంటే దూరం నడిచిపోయేవాళ్ళు వాళ్ళు.

మధ్యాహ్నం ఆయన భార్య జొన్నరొట్టె పెట్టింది. చేటంత రొట్టె, దాని మీద పుండికూర, పక్కన చెనిక్కాయల పొడి, పొడి మధ్యలో గుంట చేసి నూనె. పుండికూరంటే మన గోంగూరే, చెనిక్కాయలంటే వేరుసెనక్కాయలు. అన్నం ఎప్పుడు వడ్డిస్తారా అని చూస్తూ రెండు రొట్టెలు తిన్నాను. అన్నం రాలేదు. అన్నం లేకుండా భోజనం పూర్తయిందనిపించుకోవడం నా జన్మలో అదే మొదలు. వాళ్ళకి అన్నమంటే పండగ. మాకు రొట్టె అంటే జ్వరం వచ్చినప్పుడు.

మంత్రాలయం

పాతవాళ్ళు దీన్ని ఇంకా మంచాల అనే అంటారు. తుంగభద్ర ఎండకు సన్నగిల్లి, బండల మధ్య పాయలుగా పారుతోంది. స్నానాలు చేసేవాళ్ళలో సగం మంది కన్నడం మాట్లాడుతున్నారు. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో నుంచి మన రాష్ట్రంలోకి వచ్చి రెండేళ్ళయినా కాలేదు. కోర్టు పని అంటే ఇప్పటికీ "బళ్ళారికి" అనేసి, తరవాత నాలుక కరుచుకుని "కర్నూలుకి" అంటున్నారు.

మఠంలో విస్తరి ముందు కూర్చుని, కరువు తీరా అన్నం తిన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఏదో ఒకటి కోరుకోవడానికి వచ్చారు. పిల్లలు లేరని, దావా గెలవాలని, కళ్ళు కనబడాలని. కళ్ళు మూసుకుని నిలబడితే నాకు అడగవలసింది ఏదీ తోచలేదు. అది తృప్తో, ఖాళీయో తెలియలేదు.

పెద్దకడుబూరు దగ్గర

మర్నాడు ఆదోనికి అడ్డదారి అని చెబితే బండిబాట పట్టాను. పెద్దకడుబూరు ఇంకా అరమైలు ఉందనగా వెనక చక్రం బుస్సుమంది. అంగుళం పొడుగు తుమ్మముల్లు. ట్యూబు ఊడదీశాను గాని, రంధ్రం ఎక్కడుందో చూడాలంటే నీళ్ళలో ముంచాలి. నా సీసాలో గుక్కెడు కూడా లేవు.

బావి నుంచి కడవ ఎత్తుకుని ఒకామె వస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉంది. నీళ్ళు కావాలని అడిగాను.

ఆమె ఆగి, "మేము కిరస్తానమోళ్లము అప్పా. పేటోళ్లము" అంది.

"ట్యూబు ముంచడానికేనమ్మా" అన్నాను.

అన్న తరవాత ఆ మాట ఎంత నీచంగా ఉందో నాకే వినబడింది. ఆమె ఏమీ అనుకున్నట్టు లేదు. గుంటగా ఉన్న బండమీద నీళ్ళు పోసి, ట్యూబులోంచి బుడగలు రావడం వింతగా చూసింది. నేను ప్యాచీ అంటించేసరికి గొంతు పిడచకట్టుకుపోయింది. అడగడానికి మొహం చెల్లలేదు. ఆమే గ్రహించి కడవ వంచింది. దోసిలి పట్టి తాగాను. మా నాయనమ్మ చూసి ఉంటే నన్ను గుమ్మంలోనే నిలబెట్టేది.

పేరు శాంతమ్మ అని చెప్పింది. రేపల్లెలో బడి మేష్టర్నని నేనూ చెప్పాను. నేను ఎక్కడికి పోతున్నానో అడిగింది. ఆదోని అనగానే కడవ కిందికి దించింది.

"నా మొగుడు ఆడనే ఉండాడప్పా, పత్తి మిల్లులో. దానియేలు అని. అందరూ దానేలు అంటారు. క్రిస్మసు పండక్కి వచ్చిపోయినాడు. ఈస్టరు కూడా పోయ. మనిషి రాల్యా, మాట రాల్యా. పోయొచ్చినోళ్లను అడిగితే ఒకడు కనపళ్యా అంటాడు, ఒకడు తల వంచుకొని పోతాడు."

"నువ్వే వెళ్ళి చూడకపోయావా?"

"పోదామనే లేసినా. వాకిలి దాటినాక కాళ్లు రాల్యా. ఆడ ఇంకొకర్తి ఉంటే? నేను సూసి యాడ పడి సావల్ల?" ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "నువ్వు అయివారు అంటివి గదా. అబద్దం సెప్పవు. ఒక కార్డు రాయి అప్పా. మా ఉపదేశికి రాస్తే సదివి సెప్తాడు. ఉంటే ఉండాడని రాయి. ఇంకొకర్తి ఉంటే అది కూడా రాయి. నిజం రాయి. అంతే నేను అడిగేది."

పేటలో ప్రార్థన చెప్పే ఉపదేశి పేరూ అడ్రసూ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆమె కడవ ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాకు చేతనైన పని ఒకటి దొరికిందని ఆ క్షణాన సంతోషం కూడా కలిగింది. అది ఎంత బరువైన పనో అప్పుడు తెలియదు.

ఆదోని

ఆదోనిలో గాలికి బరువుంది. చెట్ల ఆకుల మీద, తీగల మీద, మనుషుల కనుబొమల మీద సన్నని దూది. పత్తిగింజల నూనె వాసన. స్టేషను దగ్గర హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను, రెండణాలు. నానబెట్టిన బొరుగులకు పోపు పెట్టి ఇంత రుచిగా చేయొచ్చని మనవాళ్ళకు ఎందుకు తోచలేదో. బజ్జీ కారానికి మాత్రం కళ్ళనీళ్ళు వచ్చాయి. నా మాటతీరు పోల్చుకున్న పక్కనాయన తన గ్లాసు నీళ్ళు నా వైపు జరిపి, "నెమ్మదిగా తినన్నా, ఇది గుంటూరు కాదు" అన్నాడు. గుంటూరు వాడికి ఆదోనిలో కారం గురించి బుద్ధి చెప్పించుకోవలసి వచ్చింది.

మర్నాడు మిల్లుల వెంట తిరిగాను. మూడు చోట్ల గేటు దగ్గరే పొమ్మన్నారు. నాలుగోచోట ఖాసిం సాబు అనే ముసలి కావలి మనిషి నా మాట పూర్తిగా విన్నాడు.

"దానేలా? నువ్వు వానికి ఏమవుతావు సారూ?"

"ఏమీ కాను. వాళ్ళ ఊరి మీదుగా వచ్చాను."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "జనవరిలో బెల్టు పట్టుకొనె వాన్ని. కుడిచెయ్యి. దవాఖానాలో ఇరవై దినాలు ఉండె. ఇంటికి పోరా అంటే పోడు. మార్కెట్టు యార్డులో సూడు పో, పత్తి కుప్పల కాడ."

యార్డులో పత్తి కుప్పలు చిన్న చిన్న గుట్టల్లా ఉన్నాయి. వాటి మీదికి గేదెలు, మేకలు రాకుండా తోలుతూ ఒక పొడుగాటి మనిషి తిరుగుతున్నాడు. ఎడమచేతిలో కర్ర. కుడిచేతికి మణికట్టు దాటి తుండుగుడ్డ చుట్టి ఉంది. "దానేలూ" అని పిలిచాను. తిరిగి చూసి, శాంతమ్మ పేరు వినగానే ఆ చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. ఆమె కార్డు రాయమన్న సంగతి చెప్పాను. టీ చల్లారిపోయింది.

"ఏమనె సారూ అది?"

"నిజం రాయమంది. ఇంకొకామె ఉంటే అదీ రాయమంది."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "దాని మొగం సూసినాక ఇంకొకర్తి యాడిది సారూ?" అన్నాడు. తరవాత నేలను చూస్తూ అన్నాడు: "మా పేటలో బావి కాడ ఎద్దులతో కపిల తోలాలంటే దానేలే తోలాల. రెండు సేతులతో పోయినోన్ని. ఇట్ల పోయి దాని ముందర ఎట్ల నిలబడేది? అది కూలికి పోయి తెస్తే నేను కూచోని తినల్లా? కనపళ్యా అని రాయి సారూ. నీ కాళ్లు మొక్కుతా. కొన్నాళ్లు ఏడుస్తాది, మళ్ల మరిసిపోతాది."

పోస్టాఫీసుకి వెళ్ళి కార్డు కొన్నాను. అరుగు మీద కూర్చుని, కలం తీసి, అడ్రసు రాశాను. తరవాత ఒక్క ముక్క రాయలేకపోయాను. కనబడలేదని రాస్తే ఆమెకు అబద్ధం. చెయ్యి పోయిందని రాస్తే అతనికి ద్రోహం. పైగా ఆ ఉపదేశి దాన్ని పేట నడిబొడ్డున నిలబడి బిగ్గరగా చదువుతాడు. భర్త సంగతి ఆమె పదిమంది మధ్య వినాలి. పదిహేనేళ్ళుగా పిల్లలకి ఉత్తరాలు రాయడం నేర్పుతున్నాను. రాయకూడని ఉత్తరం ఒకటి ఉంటుందని ఎవరికీ చెప్పలేదు.

యార్డుకి తిరిగి వెళ్ళాను.

"నేను అబద్ధం రాయను దానేలూ. నిజం రాస్తే మీ ఉపదేశి పేటంతటికీ చదివి వినిపిస్తాడు. అంతకంటే నువ్వే వచ్చి చెప్పు. రేపు పొద్దున వెనక కూర్చో, తీసుకుపోతాను."

"నీకు పని లేదా సారూ?"

ఉంది. పరీక్ష పేపర్లు దిద్దడానికి పది రోజుల్లో గుంటూరులో ఉండాలి. వెనక్కి పెద్దకడుబూరు వెళితే హంపీకి ఇక రోజులు చాలవు. ఆ మాట అతనికి చెప్పలేదు. "లేదు" అన్నాను.

అతను రాననలేదు, వస్తాననలేదు. సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టి గంటసేపు పెద్ద వాన కురిసింది. తెల్లవారి, నా బస అని అతనికి చెప్పిన సత్రం ముందుకొచ్చి చూస్తే సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతికి తుండుగుడ్డ మాత్రం అలాగే ఉంది.

తిరుగు దారి

పన్నెండు మైళ్ళు. అందులో మొదటి ఐదూ బాగానే సాగాయి. బరువైన మనిషి. ఎగువ వచ్చినప్పుడల్లా దిగి నడిచేవాడు. వెనక నుంచి మాట వినబడేది కాదు గాని, ఊపిరి వినబడేది.

బండిబాట ఎక్కాక తెలిసింది, రేగడిలో వాన అంటే ఏమిటో. మట్టి టైరుకి పట్టి, మడ్గార్డులో ఇరుక్కుని, పది గజాలకొకసారి చక్రం బిగుసుకుపోయేది. దిగి పుల్లతో గీకేవాణ్ణి. మళ్ళీ పది గజాలు. చెప్పులు ఒక్కొక్కటీ శేరు బరువయ్యాయి. ఒకచోట బలవంతంగా తోస్తే టింగుమని వెనక చక్రం పుల్లలు విరిగాయి. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇక్కడ, ఈ బురదలో, నాకేమీ కాని మనిషిని ఎక్కించుకుని ఏం చేస్తున్నానని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. అతని మీద కాదు, నా మీద.

"అట్ల కాదు సారూ, జరుగు" అన్నాడు దానేలు.

తుండుగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. అప్పుడు చూశాను ఆ చేతిని. బొటనవేలు ఒక్కటే మిగిలింది. తక్కినదంతా కుట్లు మానిన మొద్దు. ఆ మొద్దుతో చక్రాన్ని అదిమిపెట్టి, ఎడమచేత్తో మడ్గార్డు కడ్డీ మరలు విప్పేశాడు. రెండు మడ్గార్డులూ ఊడదీసి మూటకి కట్టాడు. చక్రం తిరిగింది. నా సైకిలు గురించి నాకు తెలియని సంగతి, సైకిలు లేని మనిషి చెప్పాడు.

ఇక తొక్కలేదు. అతనొక వైపు, నేనొక వైపు పట్టుకుని నడిపించాం. ఊరు కనబడే సరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అతను తుండుగుడ్డ భుజం మీంచి తీసి, నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ చేతికి చుట్టుకుని నడిచాడు.

పేటలో

శాంతమ్మ వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. చేట ఒళ్ళో అలాగే ఉండిపోయింది. అతను నాలుగడుగుల దూరంలో నిలబడిపోయాడు. మెల్లగా గుడ్డ విప్పి చెయ్యి చూపించాడు.

ఆమె చూసింది. అప్పుడు లేచి, చేట గోడకి ఆనించి, దగ్గరికొచ్చి తిట్టడం మొదలుపెట్టింది. నేను ముందు భయపడ్డాను. "నాలుగు నెల్లు! నాలుగు నెల్లు నన్ను బతికుండగానే పాతిపెట్టినావే! సేయి పోతే సేయి పోయిందని సెప్పల్ల. మనిషివి యాడికి పోయినావు? పొద్దు మునిగితే ఆ దావ సూసి సూసి నా కండ్లు పోయినాయి గదరా!" పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చారు. అతను తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మళ్ళీ ఆ చేతిని చూసింది. గొంతు తగ్గించి అడిగింది:

"బువ్వ ఎట్ల తింటాండావు?"

ఒక రోజంతా అతనితో ఉన్నాను. మిల్లు గురించి అడిగాను, ఆసుపత్రి గురించి అడిగాను. ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

అతను చెప్పాడు. "ఎడం సేత్తో. ఎవురూ సూడకుండా, గోడ తట్టు తిరిగి." అలా చెబుతూ ఉండగానే అంత పొడుగు మనిషీ భుజాలు కదిలిపోయి ఏడ్చాడు. ఎడమచేత్తో తినేవాణ్ణి మా ఊళ్ళో ఎలా చూస్తారో నాకు తెలుసు. ఇక్కడా అంతే. చెయ్యి పోయినందుకు ఓర్చుకున్నాడు గాని, ఇంటి మనిషి ముందు ఆ ఎడమచెయ్యి నోటికి ఎత్తలేక నాలుగు నెలలు దూరంగా ఉండిపోయాడు.

శాంతమ్మ లోపలికి వెళ్ళింది. రొట్టె తట్టే చప్పుడు వినబడింది. కాసేపటికి రెండు కంచాలతో బయటికొచ్చింది. అతను లోపలికి నడవబోతే భుజం పట్టి ఆపింది.

"లోపల గాదు. ఈడ కూచో, అరుగు మింద."

"వద్దే. అందరూ సూస్తాండారు."

"సూడనీ. ఈ పొద్దు అందరూ సూస్తే రేపటినుంచి ఎవురూ సూడరు."

అతన్ని వీధి వైపు మొహం పెట్టి కూర్చోబెట్టింది. రెండో కంచం నా ముందు పెట్టి, "అయివారూ, నువ్వు తింటావో లేదో" అని ఆగిపోయింది. నేను అతని పక్కన కూర్చుని రొట్టె తుంచాను. వేడిగా ఉంది, పొగ వాసనతో. కారం ఎక్కువ.

దానేలు కంచాన్నే చూస్తున్నాడు. ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే నిలబడి ఉన్నారు. ఎడమచెయ్యి మెల్లగా లేచింది. మొద్దుచేత్తో రొట్టెను అదిమిపెట్టి, ముక్క తుంచి, కూర అద్ది నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. రెండో ముక్కకి కళ్ళు తెరిచాడు.

వీధిలో ఒక ముసలామె కట్టెలమోపుతో పోతూ ఆగింది. అతన్ని చూసింది, ఆ చేతిని చూసింది, కంచాన్ని చూసింది. శాంతమ్మ వాకిలి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమిరా దానేలూ, ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే అవ్వా" అన్నాడతను, నోట్లో రొట్టెతోనే.

"ఆదోనిలో కూడా వాన పడెనా?"

"బాగా పడె అవ్వా."

"పడనీ, మంచిదే" అని ఆమె మోపు సర్దుకుని వెళ్ళిపోయింది. శాంతమ్మ లోపలికి వెళ్ళి ఇంకొక రొట్టె తెచ్చి అతని కంచంలో వేసింది.